తట్టు వచ్చిపోయింది ఎవరికి?

మా అవ్వ ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి బస్సులో వచ్చిందంటే ఏదో పని మీదనే. యాభైల్లో ఒక ఎండాకాలం అలా వచ్చినప్పుడు ఆమెకు కావలసింది నేను. నాకప్పుడు తొమ్మిదేళ్లు. అంతవరకు నేను ఎవరికీ కావలసి వచ్చినట్టు గుర్తు లేదు.

ఎమ్మిగనూరులో పిన్ని కొడుక్కు, ఐదేళ్లవాడికి, తట్టు పోసింది. దగ్గుతో మొదలై, కళ్లు ఎర్రబడి, ఒళ్లంతా ఎర్రగా లేచే జబ్బు. ఒకసారి వచ్చిపోయినవాళ్లకు మళ్లీ రాదు కనుక, రోగి పక్కన కూర్చునే పని వాళ్లది. పిన్నికి చిన్నప్పుడు రాలేదు, పైగా నెలలు నిండాయి. ఆమెను గది గడప తొక్కనివ్వలేదు. అవ్వ ఒక్కతే వండాలి, మగ్గానికి నూలు కండెలు చుట్టాలి, వాణ్ణీ చూడాలి.

"చిన్నదాన్ని నాతో తోలియ్యి. దీనికి ఎప్పుడో వచ్చిపోయింది గదా," అంది అవ్వ.

"దీనికి యాడొచ్చిందిమా? వచ్చింది పెద్దదానికి," అంది అమ్మ, ఒళ్లో ఆరునెలల తమ్ముడితో.

అక్కకూ నాకూ ఏడాది తేడా. నాకు మూడేళ్లప్పుడు అమ్మకు బాగాలేక ఇద్దరినీ అవ్వ దగ్గర వదిలారు. అవ్వ తన మగ్గం మీద నేసిన ఒకే చీర ముక్కతో ఇద్దరికీ గౌన్లు కుట్టించింది. ఏదో మొక్కు ఉందని ఇద్దరికీ గుండ్లు కొట్టించింది. ఒకరికి తట్టు కనబడగానే రెండోదాన్ని నందవరంలో చుట్టాలింటికి పంపేసింది. ఆ చుట్టాలు ఒక గుండుపిల్ల వచ్చిన మాట మాత్రం నిజమన్నారు.

"నాకు కాదు, దానికే," అంది అక్క వెంటనే. రోగి దగ్గర కూర్చోవడం ఇష్టం లేక.

"అవును, నాకే," అన్నాను. బస్సెక్కడం ఇష్టమై.

ఇంత గట్టి సాక్ష్యం కోర్టుల్లో కూడా అరుదు. అమ్మ ఒక షరతు పెట్టింది. "పదైదు దినాలు దాని ఒంటి మీద ఏం లేవకుంటేనే తిరిగి తోలుకరా. ఈడ పసిబిడ్డ ఉండాడు."

ఎమ్మిగనూరులో పిన్ని కొడుక్కు వేపరెబ్బతో విసిరాను. వాడు గోక్కోకుండా చేతులు పట్టుకున్నాను. గంజి తాగించాను. మూడో రోజు వాడు నేరుగా నా ముఖం మీద దగ్గాడు. బస్సుల మీద నా మక్కువ కొంత తగ్గింది.

"అవ్వా, ఆ పొద్దు తట్టొచ్చింది నాకే గదా?"

అవ్వ కండె చుట్టడం ఆపింది. "గౌన్లు ఒకటే, గుండ్లు ఒకటే. యాడ గుర్తుంటాది తల్లీ? నువ్వే అనుకున్యా." మళ్లీ కండె అందుకుని, "నువ్వు గూడా అవునంటివి గదే!" అంది.

ఆ మర్నాటి నుంచి రోజూ పొద్దున నన్ను వాకిట్లో వెలుతురులో నిలబెట్టి చెవులు వంచి చూసేది. తట్టు ముందు అక్కడే తేలుతుంది. ఆమె చూడనప్పుడు నేను వేలితో తడుముకునేదాన్ని. వాడికి జ్వరం దిగింది, వేపాకు నీళ్లు తలకు పోశారు, వాడు వీధిలోకి పరుగెత్తాడు. నేను చెవులతో మిగిలాను. పదిహేనో రోజు కూడా వాటి వెనక మురికి తప్ప ఏమీ లేదు.

ఆదోని బస్టాండులో అమ్మ తమ్ముణ్ణి వెంట వచ్చిన పక్కింటావిడకిచ్చి నా చెవులు రెండూ తానే వంచి చూసింది. తమ్ముణ్ణి తీసుకుని నా చేతుల్లో పెట్టింది. అక్కణ్ణుంచి ఇంటిదాకా వాణ్ణి నేనే మోశాను. బజారంతా నన్నే చూస్తోందని నా నమ్మకం.

ఒకసారి ఎదిరించిన క్రిమిని రక్తం ఏళ్ల తరబడి గుర్తుంచుకుంటుందని తర్వాత కాలేజీలో లెక్చరర్ చెబితే, క్లాసంతా రాసుకుంది. నేను రాసుకోలేదు. పద్నాలుగో ఎక్కం ఇప్పటికీ రాని నేను, ఇంటిల్లిపాదీ మరిచిన సంగతిని మూడేళ్ల వయసు నుంచి గుర్తుంచుకున్నాను. సొంత గొప్ప నోట్సులో రాసుకుంటే బాగుండదు.

రుజువు మాత్రం కాలేజీ దాకా ఆగలేదు. ఆ మరుసటి ఏడాదే అక్కకు తట్టు పోసింది. తప్పించుకోవడానికి ఆమె ఆడిన మాట అక్షరాలా నిజమని తేలింది. పక్కన ఎవరు కూర్చోవాలని ఈసారి ఇంట్లో ఎవరూ వాదించలేదు. నేనే కూర్చున్నాను. వేపరెబ్బ మాత్రం అవసరానికి కాస్త ఎక్కువసార్లే మార్చాను.