ఎల్బీ నగర్ చౌరస్తాలో ఏడు ఒకట్లు

ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం రోజుల్లో ఎవరి పని వాళ్లు రోడ్డు మీదికి తెచ్చి చేసేవాళ్లు. మంగలివాళ్లు నడిరోడ్డు మీద గడ్డాలు గీశారు. మా దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్ లెక్కల సారు ఊరుకుంటాడా? బంద్ రోజు ఎల్బీ నగర్ చౌరస్తాలో బోర్డు నిలబెట్టి పాఠం మొదలుపెట్టాడు. పక్కనే వంటావార్పు, పెద్ద గిన్నెలో అన్నం ఉడుకుతోంది.

ఆయన పాఠం నేను వినడం అదే మొదటిసారి. ఆయన ఫస్ట్ బ్యాచ్‌కే చెప్పేవాడు. తెలుగు మీడియం వాళ్లం నలభై మందిమి సెకండ్ బ్యాచ్. నాలాంటి పోచంపల్లి మగ్గాల ఇళ్ల పిల్లలంతా అందులోనే. మాకు నోట్సు చదివి రాయించి వెళ్లిపోయే ఇంకో సారు వచ్చేవాడు. పరీక్ష మాత్రం అందరికీ ఒక్కటే. నాకు ఒళ్లు మండేది.

సారు బోర్డు మీద 1111111 అని రాశాడు. "ఏడు ఒకట్లు. మూడుతోని పోదు, ఏడుతోని పోదు, ముప్పై ఒకటి దాక దేనితోని పోదు. ప్రధాన సంఖ్య. దీన్ని ఎవ్వడు విడగొట్టలేడు!"

"మనం విడిపోతమంటుంటే నువ్వు విడిపోదంటవేంది సారూ?" అన్నాడు ఒక ఆటో అన్న. అందరూ ఘొల్లుమన్నారు.

ముప్పై ఒకటి దాకా చూసి వదిలేయడం కోచింగ్ వాళ్ల అలవాటు. పరీక్షలో అంతకు మించి రాదు కదా! కానీ ఆ సంఖ్య విడిపోతుందని నేనొక పాత పుస్తకంలో చదివాను. దేనితోనో గుర్తు లేదు. అయినా లేచాను.

"అది ప్రధాన సంఖ్య కాదు సార్."

"ఏ బ్యాచ్ నువ్వు?"

"సెకండ్."

"అన్నం దించేలోపల విడగొట్టి చూపియ్. చూపిస్తే ఫస్ట్ బ్యాచ్‌ల కూసో. లేకుంటే ఇంక నోరు తెరవకు."

ప్రధాన సంఖ్యలన్నిటితో వరసగా భాగిస్తూ పోతే తెల్లారిపోతుంది. కానీ ఆ పుస్తకంలోదే ఒక కిటుకు నా దగ్గరుంది. ఏడు ఒకట్లను ఏ ప్రధాన సంఖ్య భాగించినా, ఆ ప్రధాన సంఖ్యలోంచి ఒకటి తీసేస్తే మిగిలింది ఏడుతో పోయి తీరాలి. అలాంటివి తక్కువే. 29తో పోలేదు, 43తో పోలేదు. 71, 113, 127, 197, 211... ఒక్కటీ కలిసిరాలేదు. సుద్దముక్క చెమటకు జారుతోంది. "ఉడికింది, దించుండ్రి" అని ఎవరో కేకేశారు. భయం వేసింది, అబద్ధమెందుకు?

239. శేషం సున్నా. పక్కన 4649 అని రాసి తిరిగాను.

సారు రెండుసార్లు గుణించి చూసుకున్నాడు. "కరెక్టే బిడ్డా. ఫస్ట్ బ్యాచ్‌కు రా."

అందులో కూర్చోవాలని ఎన్నిసార్లు ఏడ్చానో! కానీ ఎదురుగా మా బ్యాచ్ వాళ్లు నా వైపే చూస్తున్నారు.

"నేను రాను సార్. మీరే మా బ్యాచ్‌కు రాండ్రి."

ఆయన ముఖం ఎర్రబడింది. మా వాటా మాకు కావాలని పొద్దున అదే చౌరస్తాలో నినాదాలిచ్చిన మనిషి, ఎలా కాదంటాడు? బంద్ అయిపోయిన మర్నాడు పొద్దున్నే మా క్లాసుకు వచ్చి, "ఎక్కడిదాక అయింది?" అని అడిగాడు.

నలభై మందిమీ ఒక్క గొంతుతో, "ఏం కాలే సార్" అన్నాం.