ఎండిన తొడ, ఉబ్బిన నరం

1969లో నన్ను బోధన్ దగ్గరి ఒక పశువుల దవాఖానాకు వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్‌గా వేశారు. ఎద్దుల మెడపుండ్లు, బర్రెల ఈతలు చూసుకుంటూ హాయిగా ఉన్నాను. కోడిని పట్టుకొని వచ్చేవాళ్లు తక్కువ. దానికి జబ్బు చేసిందంటే చాలు, కూర వండేసేవారు.

అందుకే కోస్తా నుంచి వచ్చి కాలువ కింద చెరకు వేసుకున్న వెంకటరత్నంగారు కోళ్ల కోసం కబురు పంపితే ముచ్చటపడి సైకిలెక్కాను. ఆయన షెడ్డు కట్టి తెల్ల లెగ్‌హార్న్ కోళ్లు పెంచుతున్నారు. మేత వేసేది గంగవ్వ, ఆ ఊరి మనిషే. కోళ్లు కుంటుతూ చిక్కిపోతున్నాయి. నేను చేరేసరికే, మేతకిచ్చిన మక్కల నూక గంగవ్వ ఇంటికి మోస్తోందని చెరకు కొట్టే కూలీలందరి ముందూ ఆయన అనేశారు. ఇక పనిలోకి రావద్దన్నారు.

“మేత పడితే తొడ ఇలా ఎండుతుందాండీ?” అని నన్నే అడిగారు.

గంగవ్వ ఏడవలేదు. “కోళ్లకేసినంకనే నేను బువ్వ తింట సారూ. జర సూసి చెప్పుండ్రి,” అంది.

సంతలో కోడిని బేరమాడే అలవాటే ఇక్కడ కొంప ముంచింది. ఒక కాలు పట్టి వేలాడదీసి, రెండో తొడ నొక్కి చూస్తారు. ఆయనా అంతే చేశారు, నొక్కింది కుంటికాలి తొడనే. రెండు తొడలూ రెండు చేతులతో పట్టి చూడమన్నాను. ఒకటి నిండుగా ఉంది, ఇంకొకటి పుల్లలా ఉంది. ఆకలైతే రెండూ సమంగా తగ్గాలి కదా అన్నాను.

ఆ రోజే చచ్చిన ఒక కోడిని కోసి చూపించాను. తొడ లోపలి కండను పక్కకు తీస్తే తుంటి నరం కనబడుతుంది. కండను కదిలించేది అదే. మంచి కాలిలో అది తెల్లగా, సన్నగా, మెరుస్తూ ఉంది. కుంటికాలిలో ఉబ్బి పసుపుపచ్చగా మారింది. నరం పట్టు తప్పిన కండ ఎంత మేత తిన్నా నిలవదు. ఎరుపు తగ్గి పాలిపోతుంది, పలచబడుతుంది. ఇది కోళ్ల పక్షవాతమని, అంటుజబ్బని, మందు లేదని, జబ్బు పడినవాటిని మంద నుంచి తీసేయాలని చెప్పాను.

వెంకటరత్నంగారు మంచివారే. రేపు పనికి రమ్మని గంగవ్వతో మెల్లగా అన్నారు. ఆమె కదల్లేదు.

“పది మంది ముందట అన్నరు పటేలా. పది మంది ముందటనే చెప్పుండ్రి.”

ఆయన చెరకు తోటలోకి నడిచి, కూలీల చేత పని ఆపించి, తప్పు తనదేనని చెప్పారు. నాకు చాలా సంతోషమైంది.

ఆనాటి నుంచి ఎండిన కోడిని ఎవరు తెచ్చినా ముందు రెండు తొడలూ పట్టి చూశాను, మేత సంగతి ఆఖరున అడిగాను. రోగం పేరు తేలేదాకా మనిషి పేరు ఎత్తకూడదు.