ఎర్రనక్కను అద్దెకిచ్చిన రోజలిన్

రోజలిన్ హాగెన్ మినియాపొలిస్‌లో మా ఉన్ని టోపీల కంపెనీలో చేరేనాటికి అమ్మకాలు ఏటేటా పడిపోతున్నాయి. టోపీ మీది ఎర్రనక్క బొమ్మను మాత్రం ఊళ్లో అందరూ గుర్తుపడతారు.

"మనం నమ్ముకోవాల్సింది టోపీల్ని కాదు, ఆ నక్కని" అంది మొదటి మీటింగులోనే.

మా యజమాని గిల్ నవ్వాడు. "నక్కనెవరు కొంటారమ్మా?"

"కొనరు. అద్దెకు తీసుకుంటారు."

అలాగే జరిగింది. దుప్పట్లు నేసేవాళ్లూ, పిల్లల లంచ్‌బాక్సులు చేసేవాళ్లూ మాకు రాయల్టీ కట్టి ఆ బొమ్మ వేసుకున్నారు. కొన్నేళ్లకు రోజలిన్ బొమ్మను అద్దెకిచ్చే విభాగానికి పెద్దయింది. అయినా కుదురుగా కూర్చున్నది లేదు. మేమంతా క్యాంటీన్‌లో మాంసం, బంగాళాదుంపలు కలిపి వండే హాట్‌డిష్ తింటుంటే, తను ఏదో దుకాణంలో మా నక్క బొమ్మున్న దుప్పటి కుట్లు లాగి చూస్తూ ఉండేది. పక్క సీటు నాది కాబట్టి ఆ చిరాకంతా నా చెవినే పడేది.

"తోక రంగు చూడు లీనా, ఇటుకలా లేదూ?"

"తోకే కదా తల్లీ! ముందు తిను."

ఒక చలికాలం హీటర్ల కంపెనీవాళ్లు బొమ్మ అడిగారు. రోజలిన్ ఒక హీటరు ఇంటికి తీసుకెళ్లి రోజంతా నడిపింది. కరెంటు తీగ వేడెక్కింది. పరీక్షల్లో నెగ్గిందని వాళ్లు రుజువులు చూపించినా, సంతకం పెట్టనంది.

"హీటరు వాళ్లది. మనది బొమ్మేగా" అన్నాడు గిల్.

"కొనేవాళ్లు చూసేది బొమ్మనే, గిల్. నా మనసు ఒప్పుకోవట్లేదు."

"నీ మనసు ఎప్పుడు ఒప్పుకుంది గనక?"

ఆ మాట గట్టిగా తగిలింది. వారం తిరక్కుండా ఉద్యోగం మానేసింది. సంతకం గిలే పెట్టాడు. హీటర్లు బాగా అమ్ముడుపోయాయి. ఎక్కడా ఏ ప్రమాదమూ జరగలేదు. ఆ సంగతి నేనే ఫోన్ చేసి చెప్పాను.

"మంచిదే" అంది. "కానీ ఇప్పుడడిగినా సంతకం పెట్టను."

తర్వాత, పేరున్న వ్యాపారుల పేర్లూ బొమ్మలూ ఇలాగే అద్దెకిప్పించే సొంత ఆఫీసు తెరిచింది. డులూత్ ఊళ్లో పొగబెట్టిన చేపలు అమ్మే వెర్నా అనే ముసలావిడ చుట్టూ నెలల తరబడి తిరిగింది.

"నా పేరు కనబడ్డ ప్రతిదానికీ తగిలిస్తావా? నేనింకా బతికే ఉన్నాను పిల్లా!"

"అందుకే మిమ్మల్నే అడుగుతున్నా. వేటికి వద్దో చెప్పండి."

వెర్నా సాయంత్రందాకా చెబుతూనే ఉంది. ఆఖరికి వంటింటి ఏప్రన్లకూ, చేపలతో తినే ఉప్పు బిస్కెట్లకూ మాత్రం సరేనంది. ఆ రెండింటితోనే రోజలిన్ ఆఫీసు నిలబడింది. మరికొందరు పాత వ్యాపారులు తామే వెతుక్కుంటూ వచ్చారు.

మొన్న కలిసినప్పుడు, ఇప్పటికైనా స్థిమితపడ్డావా అని అడిగాను. కాఫీ సగంలో వదిలేసి లేచింది.

"బిస్కెట్లవాళ్లు పిండి మార్చారట. రుచి చూసొస్తా. నువ్వు కూచో."