మోటారు పుస్తకంలో రాకుమారులు

మా ప్రింటింగ్ షాపులో బైండింగు చేసే అతన్ని అందరూ దబ్బనం అంటారు. పుస్తకాలు కుట్టే పెద్ద సూది లాగే మనిషి పొడుగ్గా, సన్నగా, కొంచెం వంగి ఉంటాడు. ఆ పేరు పెట్టింది నేనే. మొదట్లో ఉడుక్కున్నాడు గానీ తర్వాత ఫోనెత్తి "దబ్బనాన్ని మాట్లాడుతున్నానండీ" అని తనే అనడం మొదలుపెట్టాడు. నేను అదే షాపులో కంపోజింగ్ చేస్తాను. నాకు ముక్కు మీద కోపం, నోట్లో మాట ఆగదు. అతని గురించి చెప్పాలంటే నా నోటి గురించి కూడా చెప్పక తప్పదు.

షాపంటే రెండు గదులు. ముందు గదిలో కౌంటరు, నా కంప్యూటరు. వెనక గదిలో కటింగ్ మిషను, స్టవ్ మీద జిగురు డబ్బా, కుట్టుబల్ల. ఓనరు పొద్దున వచ్చి తాళం తీసి, ఆర్డర్లు చూసుకుని, తన వేరే పనుల మీద వెళ్ళిపోతాడు. ఇక రోజంతా మేమిద్దరమే. పదకొండేళ్ళు అలా పక్కపక్కన పనిచేస్తే తోడబుట్టినవాళ్ళకీ మాకూ తేడా ఏముంటుంది? నన్ను అక్కా అంటాడు. నేను తిట్టాల్సినవన్నీ తిడతాను.

ఒక మధ్యాహ్నం అన్నం తిన్నాక నలభై పేజీల చేతిరాత తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. తీరిక ఉన్నప్పుడు కొట్టిపెట్టమన్నాడు. ఎవరో కస్టమరు కథ అనుకున్నాను. ఒక రాజ్యం, ఒక రాకుమారుడు, ఒంటి చెప్పు. ఆ చెప్పు ఎవరి పాదానికి సరిపోతుందా అని రాకుమారుడు ఊరూరా తిరుగుతాడు. ఒకచోట "రాకుమారుడు అతని చేయి పట్టుకున్నాడు" అని ఉంటే తొందరలో తప్పు రాశారనుకుని "ఆమె" అని దిద్దేశాను. సగం కథ కొట్టేసరికి అలా తొమ్మిది చోట్ల దిద్దాను. ప్రూఫు చూసిన దబ్బనం తొమ్మిదింటినీ ఎర్ర పెన్నుతో వెనక్కి మార్చి తెచ్చాడు.

"అవి తప్పులు కావక్కా," అన్నాడు.

అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక ఒళ్ళు మండింది. ఇలాంటివి నా చేత కొట్టిస్తావా అని నాలుగు దులిపాను. అతను కాగితాలు తీసుకుని వెనక గదిలోకి వెళ్ళిపోయాడు. ఇంటికెళ్ళి వంట చేస్తుంటే ఆ చెప్పు సంగతే గుర్తొచ్చింది. కథ సగంలో ఆపేశాను కదా, చివరికి ఏమయిందో తెలియదు. మర్నాడు మిగతా పేజీలు నేనే అడిగి తీసుకున్నాను. చెప్పు ఎవరికీ సరిపోదు. దాన్ని కుట్టినవాడు తన కొలతకే కుట్టుకున్నాడు, వాడి దగ్గరే రాకుమారుడు ఆగిపోతాడు. చదివి కళ్ళు తుడుచుకున్నాను, దబ్బనానికి మాత్రం కామాలు ఎక్కువయ్యాయని చెప్పాను.

తర్వాత మరో ఏడెనిమిది కథలు రాశాడు. మంత్రం వల్ల నిద్రపోయిన రాకుమారుడి పక్కన ఒకడు ఏళ్ళ తరబడి కూర్చుంటాడు, నిద్రలో ఉన్నవాణ్ణి అడగకుండా ఎలా ముట్టుకోవాలని. అందరూ చిన్నప్పుడు విన్న కథలే, ఇతను కొంచెం జరిపి రాసేవాడు. ఎందుకిలా రాస్తున్నావని ఒకసారి అడిగాను. చిన్నప్పుడు కథ చెబుతుంటే తనూ అందులో ఉన్నాననుకునేవాడట. చివర పెళ్ళి దాకా వచ్చేసరికి తనను బయట నిలబెట్టి తలుపేసేసేవారట. తలుపు లోపల ఏముందో చూద్దామని రాస్తున్నానన్నాడు.

రాస్తే సరిపోదు కదా, పుస్తకం కావాలి. మిగిలిన కాగితాల మీద ముప్ఫై ముప్ఫై కాపీలు వేసేవాళ్ళం. అట్టలే చిక్కు. ఇలాంటి పుస్తకం దొరికితే ఉద్యోగం పోయినవాళ్ళున్నారు, ఇంట్లోంచి గెంటేయించుకున్నవాళ్ళున్నారు. దబ్బనమే దారి కనిపెట్టాడు. ఏ ఆర్డరుకైనా పాడైపోతాయేమోనని నాలుగు అట్టలు ఎక్కువే వేస్తాం, అవి మూల పడి ఉంటాయి. తేనెటీగల పెంపకం, ఉద్యోగుల సంఘం నియమావళి, నీటి మోటారు మరమ్మతు, పంటి జాగ్రత్తలు. లోపల రాకుమారులు, పైన పంటి జాగ్రత్తలు. బస్సు డ్రైవరు ఒకతను, బ్యాంకులో చేసే ఒకాయన, మనవలున్న ఒక పెద్దాయన, అలా ఒకరి చెవిలో ఒకరు వేసుకుని వచ్చేవారు. ఎవరికి కావలసిన అట్ట వాళ్ళు ఎంచుకునేవారు. ఎక్కువమంది నియమావళే అడిగేవారు, దాన్ని తెరిచే మగాడు పుట్టలేదని నా నమ్మకం.

దొరికిపోతే ఏం చెప్పాలో కూడా సిద్ధం చేసుకున్నాం. ఆ అబద్ధం అల్లింది నేను. పదహారు పేజీలు కలిసి ఉన్న మడతను ఫారం అంటాం. రెండు పుస్తకాలు ఒకేసారి కుడుతుంటే ఒకదాని ఫారాలు ఇంకోదానిలోకి వెళ్ళడం ఏ షాపులోనైనా జరిగేదే. కాబట్టి పుస్తకం కొన్నవాళ్ళు "నేను తెరిచి చూడలేదు, షాపులోనే అడగండి" అని ఊరుకోవాలి. అడగడానికి వచ్చినవాళ్ళకు మేము "ఫారాలు కలిసిపోయాయి" అని చెప్పాలి. కొనేవాళ్ళందరికీ ఈ మాట చెప్పే పుస్తకం చేతికిచ్చేవాళ్ళం. దబ్బనం చేత పదిసార్లు అప్పజెప్పించాను. నీళ్ళు నమిలితే ఊరుకునేదాన్ని కాదు.

ఆ కథలు ఎవరి కోసం రాస్తున్నాడో నాకు తెలుసు. సర్వే ఆఫీసులో పటాలు గీసే అతనొకడుండేవాడు, మేము పటాలాయన అనేవాళ్ళం. పెద్ద పెద్ద పటాలు చిరిగిపోకుండా వెనక గుడ్డ అంటించడానికి మా దగ్గరకు తెచ్చేవాడు. మిగతా వాళ్ళ పటాలకు జిగురు గంటలో ఆరేది, ఇతని పటాలకు మాత్రం సాయంత్రమయ్యేది. ఒకసారి వెనక గదిలోకి వెళితే, కొళాయి దగ్గర దబ్బనం జిగురంటిన అతని వేళ్ళు ఒక్కొక్కటీ కడుగుతున్నాడు. నేను దారం కోసం వచ్చినట్టు దారం తీసుకుని వచ్చేశాను.

పటాలాయన అన్నగారింట్లో ఉండేవాడు. తల్లీ తండ్రీ పోయాక అన్నగారే పెంచి, చదివించి, ఉద్యోగం దాకా తెచ్చాడు. అన్న ఎదుట నిలబడి మాట్లాడి ఎరగడు. దబ్బనానికి ఉన్నదల్లా ఒక్కటే ఆశ, ఇద్దరూ కలిసి ఒక గది అద్దెకు తీసుకోవాలని. గది కూడా చూసిపెట్టాడు, మేడమీద, రెండు కిటికీలు. అన్నయ్యకు చెప్పకుండా దొంగలా రాలేనని, చెప్పాక వస్తానని అతననేవాడు. ఎప్పుడు చెబుతావంటే ధైర్యం వచ్చాక అనేవాడు. అలా మూడేళ్ళు గడిచాయి. గది ఖాళీ అవడం, నిండటం రెండుసార్లు జరిగింది.

అతను ఎంచుకున్న అట్ట నీటి మోటారు మరమ్మతు. బొమ్మ బాగుందట. పనికొచ్చే పుస్తకం వద్దని నేను అప్పుడే చెప్పి ఉండాల్సింది, నాకూ తట్టలేదు. ఒక పొద్దున అన్నగారింట్లో మోటారు ఆగిపోయింది. అలమరలో తమ్ముడి పుస్తకం కనబడింది. ఆయన దాన్ని తీసి మోటారు పక్కన కూర్చుని తెరిచాడు.

ఆ మర్నాడు ఆయన మా కౌంటరు ముందు నిలబడ్డాడు. యాభై దాటిన మనిషి, చొక్కా ఇస్త్రీ నలగలేదు, కళ్ళు మాత్రం నిద్రలేక ఎర్రబడ్డాయి. పుస్తకం బల్ల మీద పెట్టాడు.

"మా తమ్ముడు పంపాడమ్మా. దీని సంగతి ఇక్కడే అడగమన్నాడు."

కంగారుపడ్డాను గానీ వెంటనే కుదుటపడ్డాను. షాపులో అడగమన్నాడంటే మేము చెప్పినట్టే చేశాడన్నమాట. ఇక మా వంతు. నేను నొచ్చుకున్నట్టు మొహం పెట్టి మొత్తం అప్పజెప్పేశాను. ఫారాలు కలిసిపోయాయని, కథలు ఎవరో వేయించుకున్నవని, మీ తమ్ముడు తెరిచి కూడా చూసి ఉండడని. ఆయన అంతా విన్నాడు. బైండింగు చేసే అతనెవరో ఒకసారి పిలవమన్నాడు.

దబ్బనం చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. బల్ల మీద పుస్తకం చూడగానే గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఈ కథలు రాసింది నువ్వేనా బాబూ?" అని అన్నగారు మెల్లగా అడిగాడు.

దబ్బనం నా వైపు చూశాడు. నేను "ఊఁ, కానీ" అన్నట్టు తలాడించాను.

"కాదండీ. నేను కుట్టేవాణ్ణే."

"మా తమ్ముడు నీకు తెలుసా?"

"పటాలు తెస్తారండీ. అంతే."

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. రెండు చేతులతో మొహం రుద్దుకున్నాడు. చూస్తుంటే నాకే జాలేసింది.

"బతికించావయ్యా," అన్నాడు. "నిన్న వాణ్ణి నిలదీశాను. ఏదో ఒక అబద్ధం చెబుతాడేమో అని చూశాను, చెప్పలేదు. అవి వాడి కోసమే రాశారట. రాసినతనితోనే ఉంటాడట. నమ్మకపోతే వెళ్ళి అడుగన్నయ్యా, అతను కాదనడు అన్నాడు. రాత్రంతా నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు."

పుస్తకం పారేయమని మాకే ఇచ్చి లేచాడు. దబ్బనం రెండు అడుగులు ముందుకు వేశాడు. నోరు తెరిచాడు కూడా. నేను అతని చొక్కా చేయి పట్టుకుని లాగాను. ఇప్పుడు మాట మారిస్తే ఇద్దరూ మునుగుతారని, ఆయన్ని పోనిమ్మని గొణిగాను. అన్నగారు మెట్లు దిగి వెళ్ళిపోయాడు. ఆ చొక్కా వదిలేసి ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. పట్టుకోకుండా ఉండాల్సిందని మాత్రం తెలుసు, ఆ రోజు నుంచీ తెలుసు.

మర్నాడు దబ్బనం సర్వే ఆఫీసుకు వెళ్ళాడు. మెట్ల మీద మాట్లాడుకున్నారట. నువ్వు పంపావంటే మన మాట ప్రకారమే పంపావనుకున్నామని ఇతను చెప్పాడు. అతను చివరిదాకా విన్నాడు.

"ఆ అబద్ధం నాకూ వచ్చు," అన్నాడట. "నేను చెప్పలేదు."

అంతే చెప్పి పైకి వెళ్ళిపోయాడు. దబ్బనం అక్కడి నుంచి నేరుగా అన్నగారింటికి వెళ్ళాడు. రాసింది నేనే, నిన్న అబద్ధమాడాను అని గుమ్మంలో నిలబడి చెప్పాడు. ఆయన కోప్పడలేదు. మావాడు బతిమాలితే వచ్చావు, మంచివాడివి, ఇక ఇలాంటి వాటిలో తల దూర్చకు అని భుజం తట్టి తలుపు వేసుకున్నాడు. ఆయనకు కావలసిన మాట ముందు రోజే దొరికింది. ఇంకో మాట ఆయనకు అక్కర్లేదు.

రెండు నెలలకు అన్నగారు ఓనరు ఉన్నప్పుడు వచ్చాడు. తమ్ముడి పెళ్ళి కార్డులు. ఇంకెక్కడైనా వేయించొచ్చు, కానీ మేము ఆయన ఇంటి పరువు కాపాడినవాళ్ళం కదా, మా దగ్గరే వేయించాలని పట్టుబట్టి ఇచ్చాడు. ఓనరు సంతోషంగా కాగితం తెచ్చి నా ముందు పెట్టాడు. పెళ్ళికూతురి పేరు కొట్టడానికి చేతులు రాలేదు. ఆ పిల్ల ఎవరో, ఆమెకు ఎవరూ ఏమీ చెప్పి ఉండరు. మేమాడిన అబద్ధంలో ఎరగని మనిషి కూడా వచ్చి పడింది. నా నోటికి ఆ రోజు ఒక్క మాటా రాలేదు. కొట్టేశాను.

ప్రూఫు చూడటానికి పటాలాయనే వచ్చాడు. చిక్కిపోయాడు. పటాలు గీసే మనిషి కదా, ప్రతి అక్షరం కింద పెన్సిలు ఆనించుకుంటూ చదివాడు. చదివి సంతకం పెట్టాడు. వెనక గదిలో కటింగ్ మిషను ఆగిపోయింది, దబ్బనం గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. పటాలాయన తలెత్తి అతన్నే చూస్తూ మాట్లాడాడు.

"ఫారాలు కలిసిపోకుండా చూడండి."

దబ్బనాన్ని అతను మీరు అనడం నేను వినడం అదే మొదటిసారి. దబ్బనం చూస్తానండీ అన్నాడు. ఆ కార్డులన్నీ తనే కోశాడు, తనే మడిచాడు. ఒక్కటీ వంకర పోలేదు. సాయంత్రం కట్టలు కట్టి కౌంటరు మీద పెట్టి, జిగురు డబ్బా కడిగి ఇంటికి వెళ్ళాడు.

ఇది జరిగి నాలుగేళ్ళు. దబ్బనం ఇప్పటికీ ఆ కుట్టుబల్ల దగ్గరే ఉన్నాడు. స్కూలు నోటుపుస్తకాలు కుడతాడు, రిజిస్టర్లు కుడతాడు. పటాలు ఇప్పుడు వేరే షాపుకు వెళుతున్నాయి. కథలు మాత్రం ఆగిపోయాయి. బస్సు డ్రైవరు, బ్యాంకాయన అప్పుడప్పుడూ వచ్చి కొత్త పుస్తకం ఏదైనా ఉందా అంటారు. లేదని చెబితే వెంటనే వెళ్ళరు, మూల అట్టల వైపు చూస్తూ నిలబడతారు. మనవలున్న పెద్దాయన కిందటి నెల వచ్చాడు. ఆరోగ్యం బాగాలేదట. నిద్రపోయిన రాకుమారుడు చివరికి లేచాడో లేదో చెప్పకుండానే ఆపేశారు, అదొక్కటైనా రాయించమ్మా అని నన్ను అడిగాడు.

ఆయన వెళ్ళాక నేను వెనక గదిలోకి వెళ్ళాను. నాలుగేళ్ళుగా నోట్లో పెట్టుకున్నది ఆ రోజు కక్కేశాను. ఆ అబద్ధం అల్లింది నేను, మొదట ఆడింది నేను, చొక్కా పట్టుకుని లాగింది కూడా నేనే, తిట్టాలంటే నన్ను తిట్టు, ఆ పెద్దాయన కోసమైనా ఒక్కటి రాయి అన్నాను. ఏడుపు కూడా వచ్చింది.

దబ్బనం కుడుతున్న రిజిస్టరు పక్కన పెట్టి నాకు మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాడు. నా మీద కోపం లేదన్నాడు. ఆ రోజు అన్నగారు అడిగింది నిన్ను కాదు కదక్కా, నన్ను అన్నాడు. మరి రాస్తావా అంటే మళ్ళీ సూదిలోకి దారం ఎక్కిస్తూ, నా మొహం చూడకుండా జవాబిచ్చాడు.

"రాసింది నేను కాదని చెప్పాను కదక్కా."