ప్రకాశం గారికిచ్చిన గది

మా పక్క వాటాలో ఉండే జ్ఞానప్రకాశం గారు మహేంద్ర అనే ఆర్కిటెక్టు దగ్గర డ్రాఫ్ట్స్‌మన్. ఆఫీసులో కుర్రవాళ్ళంతా కంప్యూటర్ల మీద గీస్తుంటే, ఆయనొక్కరే ఇంకా బోర్డు మీద చేత్తో గీసేవారు. నర్సుగా పనిచేసిన భార్య విజయకుమారి పోయాక, ఇంట్లోంచి ఆయన గొంతు నాకు వినిపించడం మానేసింది. ఆయన మాటలన్నీ ఆఫీసులోనే. అక్కడ అందరికీ కలిపి ఒకటే పొడుగాటి బల్ల, దాని కొసన ఆయన బోర్డు. పక్కన కూర్చునే భిలాయ్ తెలుగమ్మాయి ప్రియాంక మోచెయ్యి తగిలి గీత చెదిరితే కసురుకునేవారు. ఆ పిల్ల అదేం పట్టించుకోకుండా ఆయన డబ్బాలోంచి చేగోడీలు తీసుకునేది.

2017లో మహేంద్ర కొత్త స్టూడియో కోసం అభన్‌పూర్ రోడ్డులో మూతపడ్డ రైస్‌మిల్లు గోదాం ఒకటి తీసుకున్నాడు. ఇల్లు కట్టేముందు ఇంటివాళ్ళను అడిగినట్టే, తన దగ్గర పనిచేసేవాళ్ళలో ఎవరికేం కావాలో ఒక్కొక్కరినే అడగమని ప్రియాంకతో చెప్పాడు.

"అంకుల్, మీకేం కావాలి? శరమ్ పడకుండా చెప్పండి."

"నాకేం కావాలమ్మాయ్! మీ బక్‌బక్ లేకపోతే అదే చాలు. చెవులు చిల్లులు పడుతున్నాయి."

"అచ్ఛా! మరి మీరు చేగోడీలు నమిలే చప్పుడో?"

అందరూ నవ్వారు. మహేంద్ర నవ్వలేదు. "నిజమే, పాపం. ఇన్నేళ్ళూ ఈ గోలలోనే గీశారు," అన్నాడు.

ఏం కావాలని అడిగితే సూటిగా చెప్పడం ప్రకాశం గారికి చిన్నప్పటినుంచీ చేతకాదు. అడగడం నామోషీ అనుకునే గుడివాడ వైపు కుటుంబం. ఏదో ఒకటి కసిరేసి ఊరుకునేవారు.

గోడలు లేపకముందే ప్లానంతా నేలమీద అసలు కొలతలతో సుద్దగీతలు గీసి, ఎవరి చోట్లో వాళ్ళు నిలబడి చూసుకోవడం ఆ ఆఫీసు పద్ధతి. ఆ గీతలు గీసింది ప్రకాశం గారే. మధ్యలో పెద్ద బల్లలు, ఓ పక్క అట్టతో నమూనాలు చేసుకునే చోటు, డ్రాయింగులు అంటించి అందరూ పోట్లాడుకునే గోడ. దూరంగా తూర్పు మూల చిన్న గది.

"ఇదెవరికి?" అని అడిగారు.

"మీకే, ప్రకాశం గారూ. నాక్కూడా గది పెట్టుకోలేదు. గాజు తలుపు, బయట డోలు మోగినా లోపలికి వినపడదు," అన్నాడు మహేంద్ర.

అందరూ చప్పట్లు కొట్టారు. వద్దనడానికి ఆయనకు నోరు రాలేదు. వెళ్ళి ఆ గీతల మధ్య నిలబడ్డారు.

"కైసా లగా, అంకుల్?" ప్రియాంక అటునుంచి అరిచింది.

"బ్రహ్మాండంగా ఉందమ్మా."

గది తయారయింది. లోపల్నుంచి చూస్తే వాళ్ళు నవ్వడం కనిపించేది, దేనికో తెలిసేది కాదు. తలుపు తీసి పెట్టుకుంటే, ఆయనకు ఇబ్బందని అటు వెళ్ళేవాళ్ళెవరో మెల్లగా మూసేసేవారు. ఓ మధ్యాహ్నం ఉండబట్టలేక బయటికొచ్చారు.

"తలుపు తీసే ఉంచండర్రా. మీరు మాట్లాడుకోండి, పర్లేదు."

"అయ్యో, లోపలికి వినపడుతోందా? సారీ అంకుల్!" ప్రియాంక మిగతావాళ్ళ వైపు తిరిగింది. "అరే, ధీరే బోలో యార్!"

గొంతులన్నీ ఒక్కసారిగా తగ్గిపోయాయి. ఒకడు పాట కూడా ఆపేశాడు. అది కాదు అందామనుకున్నారు ప్రకాశం గారు. తర్వాత, వాళ్ళయినా మామూలుగా మాట్లాడుకుంటారని లోపలికి వెళ్ళి, తలుపు తనే వేసుకున్నారు.