బొలోన్యా వరండాల్లో మా బావ

మొన్న బుధవారం మా అక్క ఇల్లందు నుంచి బస్సులో వచ్చి, పాత చీరముక్కలో చుట్టి తెచ్చిన బావ ఫోటో నా చేతిలో పెట్టింది. ఈ వానలకు గోడ చెమ్మ పట్టి ఫోటోలో సగం ముఖాన్ని మరకలు కమ్మాయట, తద్దినంలోపు కొత్తగూడెంలో ఏదైనా మంచి స్టూడియోలో బాగుచేయించమంది. "ఎన్క ఆ పెద్ద వరండ గూడ రావాలె తమ్మీ, ఒక్క మనిషినే కత్తిరియ్యనియ్యకు" అని రెండుసార్లు చెప్పింది. ఆ వరండా ఇటలీలో బొలోన్యా అనే ఊరిది. ఆ ఫోటో తీసింది నేనే, ఇరవై ఏళ్ళ కిందట.

మన ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, బొగ్గుబాయిలోకి కొత్త యంత్రం వస్తుందంటే అప్పట్లో క్వార్టర్లన్నిటా అదే ముచ్చట. బాయి లోపలి కప్పుకు బోల్టులు బిగించే యంత్రమొకటి తెప్పిస్తూ, అది తయారయ్యే బొలోన్యాకే వెళ్ళి పని నేర్చుకురమ్మని మెకానికల్ ఫోర్‌మన్‌గా ఉన్న నన్నూ, కప్పు కూలకుండా కొయ్య ఆపులు పెట్టే పనిలో చేయి తిరిగిన మా బావనూ పంపారు. బూర్గంపాడు అవతల అడవి పల్లెలో పుట్టిన మా బావ హైదరాబాదు చూడడమే ఆ ప్రయాణంలో మొదటిసారి. అక్క మాకు కారప్పొడి, చింతకాయ తొక్కు కట్టిచ్చి, బావను ఎక్కడా ఒంటరిగా వదలొద్దని నా దగ్గర మాట తీసుకుంది.

శని, ఆదివారాలు సెలవు. బస్సు ఎక్కడెక్కాలో తెలియదు, అడుగుదామంటే భాష రాదు, అందుకని రెండు రోజులూ నడిచే చూశాం. ఆ ఊళ్ళో ఇళ్ళ పై అంతస్తులు వీధి మీదికి ముందుకు వచ్చి, వాటి కింద బారులు తీరిన కమానుల వరండాలు ఉంటాయి. ఎంత వాన పడుతున్నా తల తడవకుండా ఊరంతా తిరగొచ్చు. ఒకచోట పక్కకు ఒరిగిన పాత బురుజును జనం ఎగబడి చూస్తుంటే, మా బావ మాత్రం నా చొక్కా పట్టుకుని అది ఒరిగిన వైపు నుంచి అవతలికి లాక్కుపోయాడు. ఇంకో వీధిలో పాతకాలపు మేడ ఒకటి ఎత్తైన కొయ్య స్తంభాల మీద నిలబడి ఉంటే, వాటిలో ఒకదాని మీద అరచెయ్యి వేసి, చుట్టాన్ని చూసినట్టు చాలాసేపు చూస్తూ నిలబడ్డాడు.

బాయిలో పనిచేసినవాడెవడూ కప్పును కర్రతో తట్టి చప్పుడు వినకుండా దాని కిందికి పోడు. ఖంగుమంటే గట్టిది, డొల్లగా మోగితే లోపల పొర విడిపోయిందని గుర్తు. బావకు ఆ అలవాటు అక్కడా పోలేదు. బస నుంచి తెచ్చుకున్న గొడుగు ములికితో కనబడ్డ ప్రతి స్తంభాన్నీ, అందిన ప్రతి కమానునూ తట్టేవాడు. దారిన పోయే దొరసానులు తిరిగి చూస్తుంటే నాకు తల కొట్టేసినట్టుండేది.

ఆదివారం ఊరి చివర నుంచి కొండ మీది తల్లి గుడికి, అదే చర్చికి, బయలుదేరాం. ఆ దారి పొడవునా కూడా కమానుల వరండాయే. సగం ఎక్కాక ఒక స్తంభానికి పైన పూసిన సున్నపు గిలాబు ఉబ్బి ఉంది. బావ తట్టాడు. ఖాళీ డబ్బాను కొట్టినట్టు మోగింది, నాకే వినబడింది. "గట్టిగున్నది" అని ముందుకు నడిచాడు. వేళాకోళమనుకుని నవ్వాను. వెనక నుంచి "బావా" అని పిలిచాను, గట్టిగా పిలిచాను, ముందుకే పోయాడు. నేను నవ్వుతూ మాట్లాడిన మాటలన్నిటికీ అతను నా పెదవులు చూసే జవాబు చెబుతున్నాడన్నమాట.

పైన గుడి మెట్ల మీద కూర్చున్నాక చెవుల సంగతి అడిగాను. తల వంచుకున్నాడు. "రెండేండ్లాయె బామ్మర్దీ, డ్రిల్లు మోతకు పోయినయి. మీ అక్కకు చెప్పకు. బాయిల అసలుకే చెప్పకు, పైన స్టోర్ల కూసోబెడ్తరు. బాయి దిగకుంటే నేనేంది?" అన్నాడు. నేను సరేనన్నాను. భద్రాచలం రామయ్యకు మొక్కినట్టే లోపలి తల్లికి దండం పెట్టుకుని బయటికొచ్చి, మనసు తేలికపడ్డ ముఖంతో కమాను కింద నిలబడి ఫోటో తియ్యమన్నాడు. ఇప్పుడు అక్క గోడ మీద ఉన్నది ఆ ముఖమే.

తిరిగొచ్చాక మేనేజరు నన్నే పిలిచి, మీ బావను మళ్ళీ అదే పనికి దించొచ్చా అని అడిగాడు. వద్దని నేనొక్క మాటంటే చాలు. నేను దించొచ్చు అన్నాను. మనిషి పరువు కాపాడుతున్నానని అప్పుడు నా మీద నాకే గొప్పగా ఉండింది. మరుసటి వానాకాలంలో కప్పు కూలింది. మిగతావాళ్ళను వెనకే ఆపి, తాను తట్టి చూసి, గట్టిగున్నదని చెప్పి కిందికి పోయాడని వాళ్ళలో ఒకతను దవాఖానాలో ఏడుస్తూ నాకు చెప్పాడు.

ఇప్పుడు లోపలి బాయిలు ఒక్కొక్కటే మూతపడుతున్నాయి, భూమిని పైనుంచే తవ్వి బొగ్గు తీస్తున్నారు, కప్పు చప్పుడు వినగల చెవులతో ఎవరికీ పనిలేదు. నాతో పనిచేసినవాళ్ళు చాలామంది పోయారు. ఎప్పుడు ఇల్లందు వెళ్ళినా అక్క మొదట నాకే కంచం పెట్టి, "ఎప్పుడు జూసినా చీకట్లనే బతికె, ఆ రెండొద్దులు నీ పున్యాన లోకం జూసిండు" అంటుంది. తల వంచుకుని తింటాను. చెబుదామనుకున్న ప్రతిసారీ మరో ముద్ద కలుపుకున్నాను, అలా ఇరవై ఏళ్ళు గడిచిపోయాయి, ఇక చెప్పలేనని కూడా తెలుసు.

అక్కకు చదువు రాదు. అది తెలుసు కాబట్టే ఇదంతా రాయగలిగాను.