రెండు నిమిషాల కూరకు ఆరు విజిళ్లు

గల్ఫ్‌లోని దుఖాన్ ఆయిల్ క్యాంపులో తోటి వెల్డర్ లీ, చైనావాడు, వాళ్ళింటి వంట నాకు నేర్పాడు. బీఫ్‌ను పల్చగా కోసి, టమాటాలతో పెద్ద మంట మీద రెండు నిమిషాలు వేయిస్తే చాలు. అతను దేశం వెళ్ళిపోయే రోజున అదే వండి, అతన్ని తినడానికి పిలుచుకురావడానికి వెళ్ళాను.

ఇద్దరం వచ్చేసరికి మా గదిలో కుక్కర్ కూస్తోంది!

"పచ్చిగనే వదిలి పోయినవేంది భాయ్? మసాలేసి ఆరు విజిల్స్ పెట్టిన," అన్నాడు రూమ్మేట్ ఖాదర్.

"అది అయిపోయిన కూర!" అని అరిచాను.

"పెద్దకూర రెండు నిమిషాలల్ల ఉడుకుతదా? నాకు చెప్తున్నవా?"

లీ గరిటెతో టమాటా కోసం వెతికాడు. దొరకలేదు. ఒక ముద్ద తిని, కారానికి వచ్చిన కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ, "గుడ్" అన్నాడు.

ఆ ఒక్క మాట పట్టుకుని ఖాదర్ ఈనాటికీ ప్రతి పెళ్ళిలో చైనా వంట తనకే వచ్చని చెప్పుకుంటాడు. మర్యాదకు ఆడే అబద్ధమంత అన్యాయం ఇంకోటి లేదు!